రొట్టెతో చెరిపిన ఇల్లు

మాల్ట్‌బీ దొర లాగు గుండీలు విప్పుకుని, గుడి స్తంభానికి ఎదురుగా నిలబడి, పాత రోమన్ల గొప్పతనం గురించి మాట్లాడుతూనే ఒంటేలు పోశాడు. మాట ఎక్కడా తడబడలేదు. "ఆ జాతే వేరయ్యా టారంట్. వాళ్ల చెయ్యి పడిన రాయి రాయి కాదు, దేవుడు," అన్నాడు. ఆ దేవుడి మీంచి ధార జారి, పగుల్లో మొలిచిన మొక్క మొదట్లోకి ఇంకింది. దొర గుండీలు పెట్టుకుని, చేతులు కడుక్కోకుండానే జేబులోంచి అంజీరపండు తీసి కొరికాడు.

రూబెన్ టారంట్ తల తిప్పుకున్నాడు. తిప్పిన వైపు ఇంకో దరిద్రం కనిపించింది. దొర వెంట ఇంగ్లండ్ నుంచి వచ్చిన పండితుడు ఫెన్విక్ అవతలి స్తంభం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, అరిగిపోయిన అక్షరాలు తేలతాయని రాతిని నాలుకతో తడుపుతున్నాడు. ఒక్కో స్తంభమూ అలా చూసుకుంటూ ఇటే వస్తున్నాడు. చెప్పాలా వద్దా అని రూబెన్ ఒక్క క్షణం ఆలోచించి, చెప్పకుండా ఊరుకున్నాడు.

వీళ్ల ఉప్పు తిని బతుకుతున్నానే అని అతనికి రోత పుట్టింది. రూబెన్‌ది లీడ్స్. తండ్రి సారాకొట్లకు పేరుపలకలు రాసేవాడు. కొడుకు చేతిలో అంతకంటే పనితనం ఉందని ఎవరో చెబితే నమ్మి రోమ్ చేరాడు. చేరి ఇన్నేళ్లయినా చేస్తున్నది ఒక్కటే పని. కూలిన గుళ్లూ గోరీలూ స్నానశాలలూ గీసి ఇంగ్లండ్ దొరలకు పంపడం. రోమ్‌లో ఆంగ్లేయ చిత్రకారులంతా చేరే కాఫీ కొట్టులో ఆ పనికి ఒక పద్ధతి స్థిరపడి ఉంది. దాన్ని వాళ్లు కడగడం అంటారు. మొదట ఉన్నది ఉన్నట్టు పెన్సిల్‌తో గీస్తారు. తర్వాత రొట్టె లోపలి మెత్తటి భాగాన్ని ఉండ చేసి, కాగితం మీద అద్ది, ఆరేసిన బట్టలూ పందుల దొడ్లూ గడ్డివాములూ పొగగొట్టాలూ, అడ్డొచ్చిన మనుషుల్నీ చెరిపేస్తారు. మిగిలిన శిథిలానికి సిరా పెడతారు. దొరలకు కావాల్సింది చచ్చిన రోమ్. బతికున్న రోమ్ వాళ్ల ముక్కుకు పడదు.

రొక్కాసెర్రా కొండ మీదున్న ఈ గుండ్రటి గుడిని కూడా రూబెన్ పోయినేడు వసంతంలో అలాగే కడిగాడు. ఆ కడుగుడులో పోయింది మేనిక ఇల్లు.

ఇల్లంటే గుడిలోనే ఇల్లు. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీని మేనిక మొగుడి తాత రాళ్లతో పూడ్చి, పైన పెంకు వేశాడు. కొండ డ్యూక్ గారిది. ఏటా ఈస్టర్ పండక్కి ఆయన వంటింటికి గొర్రెపాల చీజ్ దిమ్మలు చేరితే చాలు, ఉండనిస్తాడు. మొగుడు పోయాక మేనిక ఒక్కతే గొర్రెలు కాసి, పాలు పితికి, చీజ్ చేస్తోంది. ఒకప్పుడు దేవుడుండిన చీకటి గదిలో ఇప్పుడు ఆ దిమ్మలు చెక్కబల్లల మీద వరసగా ఆరుతుంటాయి. ఆమె ఏడాది కష్టమంతా ఆ గదిలోనే ఉంది. నవంబరు వానల్లో కప్పు కారిందంటే దిమ్మలన్నీ కుళ్లి పురుగులు పడతాయి. అందుకే ఆమె తిన్నా మానినా పెంకు మాత్రం ఏటా సర్దించుకుంటుంది. గుడి గీయడానికి వచ్చినప్పుడల్లా రూబెన్ బస ఆ ఇంట్లోనే.

దొర బృందం కొండ వెనక దారిన ఎక్కింది కాబట్టి ఇల్లు వాళ్లకు ఇంకా కనబడలేదు. దొర అంజీర తొక్క ఊసి, గుడి చుట్టూ తిరిగి, మేనిక గుమ్మం ముందుకొచ్చి ఆగిపోయాడు. గుమ్మం మీద మేనిక పాలబట్టలు ఆరుతున్నాయి. లోపల్నుంచి చీజ్ వాసన వస్తోంది. దొర ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో నౌకరు దగ్గర్నుంచి చుట్టిన కాగితం తీసుకుని విప్పాడు. రూబెన్ గీసిన బొమ్మే. దొర దాన్ని రాగిరేకు మీద చెక్కించి, అచ్చు వేయించి, ఊళ్లో స్నేహితులందరికీ పంచాడు. కాగితం వంక చూశాడు. ఇంటి వంక చూశాడు. మళ్లీ కాగితం వంక చూశాడు.

"ఇదేంటి టారంట్?"

"ఇల్లండి."

"ఇల్లని కనబడుతూనే ఉంది. ఇక్కడెందుకుంది? బొమ్మలో లేదే."

"బొమ్మలో నేను తీసేశానండి. ఇల్లు ఎప్పట్నుంచో ఉంది. పొరపాటు నాది, ఇంటిది కాదు."

"నీ పొరపాటేం లేదు. బొమ్మ సరిగ్గా ఉంది. కొండే తప్పుగా ఉంది," అన్నాడు దొర శాంతంగా. "మా భోజనాల గదిలో పెద్ద చట్రంలో వేలాడుతోందయ్యా ఈ గుడి. మా బావమరిది వచ్చే ఏడాది ఇటే వస్తున్నాడు. వచ్చి చూసి, మాల్ట్‌బీ గుడి అని చెప్పి గొర్రెల కొట్టం చూపించాడని లండన్ అంతా చాటుతాడు. నువ్వు కాగితం మీద తీసేశావు. నేను కొండ మీద తీయిస్తాను. డ్యూక్ నాతో పేకాట ఆడతాడు, కాదనడు."

ఫెన్విక్ మూతి తుడుచుకుంటూ వచ్చి, "ఈ జనానికి ప్రాచీనత విలువ తెలీదండి," అన్నాడు. దొర జేబులో ఏదో గలగలలాడింది. అప్పటికే స్తంభం అంచు నుంచి సుత్తితో కొట్టి తీసుకున్న చలువరాతి పెచ్చులవి. గుడికి గొర్రెలు చేసిన చెడుపు ఎంతో గానీ, ఈ ఇద్దరూ ఒక్క పూటలో చేసింది రూబెన్ కళ్లారా చూశాడు.

మేనిక గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. వాళ్ల భాష రాకపోయినా ముక్కు మీద జేబురుమాలు ఏ భాషలోనైనా ఒకటే కదా. దొర కొండ కింది సత్రానికి దిగిపోయాక ఆమె రూబెన్‌ను అడిగింది.

"ఏమంటున్నాడు నాయనా ఆ జుట్టుకు తెల్లపిండి అద్దుకున్నాయన?"

రూబెన్ దాచలేకపోయాడు. చెప్పాడు.

మేనిక తిట్టలేదు, ఏడవలేదు. లోపలికి వెళ్లి, బల్ల మీది దిమ్మలు ఒక్కొక్కటే తిరగేసి, ఉప్పు రాసి వచ్చింది. వచ్చి అతని ముందు కూర్చుంది.

"నా ఇల్లు ఆయనకేం అడ్డమొచ్చింది? ఆయన దేశంలో చూసుకోడానికి ఇళ్లు లేవా?"

"ఆయనకు కాగితం మీద ఉన్నదే నిజం అమ్మా."

"అయితే కాగితం మీద నా ఇల్లు గీసి ఇవ్వు. నీ చేతిలో పనే కదా."

ఆ మాట రూబెన్‌కు తలలో దీపం వెలిగించింది. నిజమే. రాతిని నమ్మని మనిషిని కాగితంతోనే నమ్మించాలి. మర్నాడు పొద్దున్నే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మేనిక ఇల్లు మొత్తం గీశాడు. గోడ రాళ్లూ, గుమ్మమూ, గుమ్మంలో మేనికా, ఆమె కాళ్ల దగ్గర పడుకున్న గొర్రె, పొగగొట్టం నుంచి పొగ, పైన వరస తప్పని పెంకులు. గీశాక దూరంగా పెట్టి చూసుకున్నాడు. బాగానే ఉంది. కానీ ఇంత చక్కటి కప్పును దొర మెచ్చడు. దొరల కంటికి తిన్నగా ఉన్నది ఏదీ ఆనదు. కొంచెం వాలాలి, కొంచెం కూలాలి, మధ్యలో ఒక వాసం బయటపడాలి, దాని మీద తీగ పాకాలి. అప్పుడే ఆహా అంటారు.

"అమ్మా, కాస్త రొట్టె ఉందా?" అని అడిగాడు.

"పొద్దున తిన్నావుగా."

"తినడానికి కాదు."

"మళ్లీ ఆ పాడు పనికా?" అంది మేనిక. కింద పడిన రొట్టెముక్కను ముద్దు పెట్టుకుని తిరిగి బల్ల మీద పెట్టే మనిషి ఆమె. పోయినేడు కూడా అతను కాగితం మీద రొట్టె నలుపుతుంటే చూడలేక కోళ్లకు వేస్తానని లాక్కుపోయింది. ఈసారి ఇల్లు నిలబెట్టే పని కదా అని గొణుక్కుంటూనే తుంచి ఇచ్చింది. రూబెన్ ఉండ చేసి, ఆ చక్కటి కప్పును చెరిపి, దాని చోట కూలిన కప్పు గీశాడు. చెయ్యి దానంతటదే పోయింది. అంత అలవాటైన పని.

సత్రంలో దొర ఆ బొమ్మ చూసి కుర్చీలోంచి లేచాడు. కళ్లు చెమర్చినంత పనయింది.

"అద్భుతం టారంట్. మహావైభవం పక్కన మానవుడి దైన్యం. ఈ ఇల్లు పోకూడదు. నేను మూర్ఖుణ్ణి, కూల్చమన్నాను. ఫెన్విక్, దీని మీద లాటిన్‌లో ఏదైనా చెప్పండి."

ఫెన్విక్ చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. రూబెన్ వినలేదు. సత్రం మెట్లు దిగి, కొండ ఎక్కి, మేనికకు ఇల్లు ఉంటుందని చెప్పాడు. ఆ సాయంత్రం మేనిక దాచిన దిమ్మ కోసి, రొట్టె మీద కాల్చి పెట్టింది. "నీ పెన్సిల్‌కు దణ్ణం పెడతా నాయనా," అని నవ్వింది. అతను కడుపునిండా తిన్నాడు. చాలా నెలల తర్వాత తన పని మీద అతనికి అసహ్యం వేయలేదు.

పొద్దున పెంకులు పగిలే చప్పుడుకు లేచాడు.

డ్యూక్ గారి కార్యస్థుడు నలుగురు కూలీలను కప్పు మీదకు ఎక్కించాడు. వాళ్లు పెంకులు ఊడదీసి కిందికి విసురుతున్నారు. ఒకడి చేతిలో రూబెన్ బొమ్మకు దించిన నకలు ఉంది. వాడు దాన్ని చూసుకుంటూ, "ఇక్కడి దాకా చాలు, ఆ వాసం బయటపడాలి, ఇంకో రెండు లాగు," అని పురమాయిస్తున్నాడు. ఒక మూల నుంచి జారిన దూలం చీజ్ గది మీద పడి బల్ల విరిగింది. దిమ్మలు దొర్లుకుంటూ మట్టిలోకి వచ్చాయి. కూలీల్లో ఒకడు ఒక దిమ్మను గుట్టుగా చొక్కాలో వేసుకున్నాడు.

రూబెన్ పరుగున దొర దగ్గరకు వెళ్లాడు. దొర మడతకుర్చీలో కూర్చుని ఉడికించిన గుడ్డు తింటున్నాడు. గడ్డం మీద సొన అంటుకుని ఉంది.

"ఇల్లు ఉంచుతానన్నారు కదండీ."

"ఉంచాను కదా. గోడ మీద చెయ్యి వేయొద్దని గట్టిగా చెప్పాను."

"కప్పు?"

"బొమ్మలో ఎలా ఉందో అలా చేయిస్తున్నాను. నీ బొమ్మ సరిగ్గా ఉంది, కప్పే మరీ కొత్తగా, తిన్నగా, అసహ్యంగా ఉంది. నువ్వే చూపించావు కదయ్యా." దొర సొన తుడుచుకోకుండానే నవ్వాడు. "ఆవిడకు దిగులొద్దని చెప్పు. గుమ్మంలో కూర్చుంటే రోజుకింత ఇప్పిస్తాను. ఊరికే కూర్చోవడమే. కొంచెం దిగులుగా."

రూబెన్ వెనక్కి తిరిగాడు. దొర పాపం, కాగితం మీద ఉన్నదాన్ని ఉన్నట్టే నమ్మాడు. కప్పు కూల్చింది తనే. ఎవరూ అడగలేదు. కంటికి బాగుంటుందని, చెయ్యి అలవాటు పడిందని, ఆమె ఇచ్చిన రొట్టె పుచ్చుకుని మరీ కూల్చాడు. దొర మీద ఇన్నాళ్లూ పెంచుకున్న రోత అంతా తిరిగి తన మీదికే వచ్చింది.

కూలీలు దిగిపోయాక మేనిక పెంకు ముక్కల మధ్య నిలబడి ఉంది. అతను దగ్గరకు రాగానే, "ఆ కాగితం ఏది? చూపించు," అంది. కూలీలు వదిలేసి పోయిన నకలు తీసి చూపించాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలెత్తి కప్పు వంక చూసింది. అచ్చం అలాగే ఉంది.

"నా ఇంట్లో పడుకున్నావు. ఒక్కనాడైనా నీ మీద చుక్క పడిందా?"

"లేదమ్మా."

"మరి కారే కప్పు ఎందుకు గీశావు?"

"అలా గీస్తే ఆయనకు నచ్చుతుందని."

"పోయినేడు ఆ రొట్టెతో నలిపింది కూడా నా ఇల్లేనా?"

రూబెన్ తలూపాడు.

"నా చేత్తో పిసికిన రొట్టె. నా పొయ్యి మీద కాలిన రొట్టె. దాంతోనే నా ఇల్లు రెండుసార్లు తుడిచావన్నమాట." ఆమె గొంతు పెంచలేదు. అదే అతనికి ఎక్కువ నొప్పి కలిగించింది. "కోళ్లకు వేసినా గుడ్లు పెట్టేవి కదయ్యా."

"క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదమ్మా."

"నీ క్షమాపణ నేనేం చేసుకోను? దిమ్మల మీద కప్పుతానా? నాకు రెల్లు కావాలి." ఆమె పడమటి దిక్కు చూసింది. సముద్రం వైపు మబ్బు నల్లగా పేరుకుంటోంది. "కింద బురదలో కోసుకునేంత ఉంది. కొడవలి గోడకు వేలాడుతోంది. చీజ్ గది మీద వరకైనా పడాలి. గొర్రెల కాపర్లంతా రెల్లు కిందే బతుకుతున్నారు, నేనూ బతుకుతా. పద."

రూబెన్ కోటు విప్పి విరిగిపడిన స్తంభం మీద పడేశాడు. బురదలో మోకాలి లోతున దిగి రెల్లు కోశాడు. జలగలు పట్టాయి. బురద కంపు కొట్టింది. ఆ కంపు అతనికి అసహ్యమనిపించలేదు, కనీసం అది తానేంటో దాచుకోలేదు. మోపులు మోసి, నిచ్చెన వేసి, మేనిక కింద నుంచి అరిచి చెబుతుంటే వాసాలకు కట్టాడు. కట్టిన మొదటి వరస జారిపోయింది. "పేరుపలకలు రాసేవాడి కొడుకువి, ముడి వేయడం కూడా రాదా?" అని మేనిక సణిగింది. రెండోసారి నిలిచింది.

మధ్యాహ్నానికి దొర నౌకరు పైకొచ్చి, వెలుతురు బాగుందనీ, దొరగారు టారంట్‌ను కూలిన కప్పు చూసి మళ్లీ బొమ్మ మొదలుపెట్టమన్నారనీ చెప్పాడు. రూబెన్ దిగలేదు. నౌకరు మళ్లీ వచ్చి, రాకపోతే పని నుంచి తీసేసినట్టేనని చెప్పాడు. "సరే అని చెప్పు," అన్నాడు రూబెన్. నోట్లో నారతాడు ఉండటం వల్ల ఆ మాట సరిగ్గా వినబడిందో లేదో తెలీదు. కాసేపటికి దొరే వచ్చాడు, వెనకాల స్టూలు పట్టుకుని ఫెన్విక్. ఫెన్విక్‌కు పెన్సిల్ పట్టుకోవడం కొద్దిగా వచ్చు. కొద్దిగా వచ్చినవాళ్లు కంటికి కనబడిందంతా గీసేస్తారు, ఏది వదలాలో వాళ్లకు తెలియదు. అందుకని కప్పు మీద సగం పడిన రెల్లూ, దాని మీద వంగిన మనిషీ కూడా కాగితం మీదకు వచ్చేశారు.

దొర ఫెన్విక్ భుజం మీంచి తొంగి చూశాడు.

"ఎవడు వీడు?"

"టారంట్ అండి. పైన కప్పు నేస్తున్నాడు."

దొర తల పైకెత్తి, కళ్లు చిట్లించి, బురద కొట్టుకుపోయి చొక్కా చిరిగిన మనిషిని చూశాడు. నిజంగానే పోల్చుకోలేకపోయాడు. పోల్చుకున్నాక కూడా మొహంలో ఏ మార్పూ రాలేదు.

"బొమ్మ పాడవుతోంది. వాణ్ణి తీసేయండి. ఆ గడ్డి కూడా తీసేయండి. కప్పు కూలినట్టే ఉండాలి."

రూబెన్ పైనుంచి విన్నాడు. ఇన్నేళ్లలో ఎందరిని తీసేశాడో, వాళ్లకు ఇలా వినబడి ఉంటే ఏమనుకునేవాళ్లో అని మొదటిసారి అనిపించింది. మబ్బు కొండ మీదకు వచ్చేసింది. మొదటి చినుకు అతని మెడ మీద పడింది. చీజ్ గది మీద కప్పాల్సింది ఇంకా కాస్త మిగిలి ఉంది. అతను తల దించుకుని కట్టడం మొదలుపెట్టాడు.

ఫెన్విక్ లేచి మేనిక దగ్గరకు వెళ్లి, చేతి సైగలతో, లాటిన్‌లో, రొట్టె అడిగాడు. ఆమె చేతిలో మిగిలింది ఒక్క ముక్క. పొద్దుట్నుంచి ఆమె కూడా ఏమీ తినలేదు. ఫెన్విక్ చంకలో ఉన్న కాగితాన్ని ఆమె మెడ సాచి చూసింది. తన ఇల్లు కనబడింది. ఇంటి మీద రెల్లు కనబడింది. రెల్లు మీద ఒక మనిషి కనబడ్డాడు.

మేనిక ముక్కను రెండుగా తుంచింది. ఒకటి తన నోట్లో పెట్టుకుంది. రెండోది కప్పు మీదకు విసిరింది.

"రొట్టె అయిపోయిందని చెప్పవయ్యా ఈయనకి," అంది నములుతూ.

రూబెన్ రెల్లుకు కోసుకుపోయిన చేతుల్తో దాన్ని అందుకున్నాడు. వేళ్లు వాటంతటవే ఆ మెత్తటి ముక్కను నలిపి ఉండ చేయబోయాయి. అతను వాటిని ఆపి, ముక్కను నోట్లో పెట్టుకుని, నమిలి మింగాడు. మింగాక నారతాడు అందుకున్నాడు.